నెలలు నిండే వేళ బీపీ పెరిగితే: కొలిచే దగ్గర నుంచి కాన్పు దాటేదాకా ఏం చేయాలి

ఎనిమిదో నెలలో చెకప్‌కి వెళ్తే బీపీ 144/92 వచ్చిందనుకోండి. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, బిడ్డ బాగానే కదులుతోంది. ఒంట్లో ఏ బాధా లేనప్పుడు ఈ అంకెను పట్టించుకోవాలనిపించదు. గర్భంతో వచ్చే బీపీలో ప్రమాదం ఉన్నది ఇక్కడే. చాలామందిలో అది చప్పుడు చేయకుండా పెరుగుతుంది. బాధ తెలిసేసరికి చేతిలో మిగిలేది కొన్ని గంటలే కావచ్చు. కాబట్టి అంకెను సరిగ్గా తీయడం, రాసి పెట్టడం, ఏ అంకె వస్తే ఏం చేయాలో ముందే తెలుసుకుని ఉండడం, ఈ మూడూ నేర్చుకోండి. ఇది గర్భిణి ఒక్కతే చదవాల్సింది కాదు, ఆమె పక్కన ఉండేవాళ్లూ చదవాలి. బీపీ బాగా పెరిగిన రోజున ఆసుపత్రికి బయల్దేరాలన్న నిర్ణయం వాళ్లే తీసుకోవాల్సి రావచ్చు.

ముందు మీది ఏ రకం బీపీయో తేల్చుకోండి

పై అంకె 140 గానీ, కింది అంకె 90 గానీ చేరితే అది ఎక్కువ బీపీ. రెండూ పెరగనక్కర్లేదు. 132/94 కూడా లెక్కలోకి వస్తుంది. ఒక్కసారి వచ్చినంత మాత్రాన ముద్ర వేయరు, కనీసం నాలుగు గంటల తేడాతో రెండోసారి కూడా రావాలి. అయితే 160/110 వస్తే మాత్రం నాలుగు గంటలు ఆగే పని లేదు. దాని సంగతి కింద చెబుతాం.

20 వారాలు నిండకముందే ఎక్కువ ఉంటే అది గర్భానికి ముందు నుంచీ ఉన్న బీపీ అనుకోవాలి. 20 వారాల తర్వాత కొత్తగా వచ్చి, మూత్రంలో ప్రోటీన్ లేకుండా, రక్త పరీక్షలన్నీ సరిగ్గా ఉంటే అది గర్భంతో వచ్చిన బీపీ. దానికి మూత్రంలో ప్రోటీన్ తోడైతే ప్రీఎక్లాంప్సియా. ప్రోటీన్ లేకపోయినా ప్లేట్‌లెట్లు లక్ష కంటే తగ్గినా, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) 1.1 దాటినా, లివర్ ఎంజైములు రెట్టింపయినా, ఊపిరితిత్తుల్లో నీరు చేరినా, తగ్గని తలనొప్పి, చూపు తేడా వచ్చినా అదీ ప్రీఎక్లాంప్సియానే. ఫిట్స్ వస్తే ఎక్లాంప్సియా. గుర్రపువాతం అని పెద్దవాళ్లు అనేది దీన్నే.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. గర్భం మధ్య నెలల్లో బీపీ సహజంగా కొంత తగ్గి, చివరి మూడు నెలల్లో మళ్లీ మొదటి స్థాయికి వస్తుంది. మొదటి చెకప్ ఐదో నెలలో చేయించుకున్నవాళ్లకు పాత బీపీ ఉన్నా అప్పుడు మామూలుగానే కనిపిస్తుంది. అందుకే మొదటి మూడు నెలల్లో తీసిన అంకె ఎక్కడ రాసి ఉన్నా వెతికి డాక్టరుకు చూపించండి. వైద్యం ఎటు నడవాలో ఆ అంకె చెబుతుంది.

ఇదంతా ఎందుకు వస్తుందంటే, ప్రీఎక్లాంప్సియాకు మూలం మాయలో ఉంటుంది. గర్భం మొదటి సగంలో గర్భసంచి రక్తనాళాలు బాగా వెడల్పై మాయకు ధారాళంగా రక్తం ఇవ్వాలి. అలా వెడల్పవకపోతే మాయకు రక్తం చాలదు. రక్తం చాలని మాయ కొన్ని పదార్థాలను తల్లి రక్తంలోకి వదులుతుంది. అవి రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. నాళాలు బిగుసుకుంటాయి, కిడ్నీ నుంచి ప్రోటీన్ కారిపోతుంది, లివర్, మెదడు కూడా దెబ్బతినవచ్చు. అంటే మాత్ర వేసుకుంటే అంకె దిగుతుంది గానీ జబ్బు ఉన్నచోటే ఉంటుంది. మాయ బయటికి వచ్చాకే అది వెనక్కి తగ్గడం మొదలవుతుంది. మాత్రలతో బీపీ 130కి వచ్చినా డాక్టరు వారం వారం రక్త పరీక్షలు రాయడానికి కారణం ఇదే. బీపీ తగ్గింది కదా అని పరీక్షలు ఎగ్గొట్టకండి.

ఇంట్లో బీపీ తీయడం

ఈ పని మీద కాస్త ఎక్కువ సేపు ఉందాం. తప్పుగా తీసిన అంకె అక్కర్లేని మాత్ర వేయిస్తుంది, లేదా కావాల్సిన మాత్ర ఆపిస్తుంది.

మణికట్టుకు పెట్టుకునే మెషిన్లు వద్దు. పై చేతికి కఫ్ చుట్టే డిజిటల్ మెషిన్ తీసుకోండి. అందులోనూ గర్భిణుల మీద పరీక్షించి సరైనదని తేల్చిన మోడలే కావాలి. మామూలు మనుషుల్లో సరిగ్గా చూపే ఆటోమేటిక్ మెషిన్లలో కొన్ని ప్రీఎక్లాంప్సియాలో అసలు బీపీ కంటే తక్కువ చూపిస్తాయి. ఏ మోడల్ కొనాలో డాక్టరును అడగండి. కొన్నాక దాన్ని ఒకసారి ఆసుపత్రికి తీసుకెళ్లి, అదే చేతికి ఒక నిమిషం తేడాతో అక్కడి పరికరంతోనూ మీదానితోనూ తీయించండి. తేడా 10 దాటితే ఆ మెషిన్‌ను నమ్ముకోవద్దు.

కఫ్ సైజు చూడటం మరవకండి. భుజానికీ మోచేతికీ మధ్యలో టేపు చుట్టి కొలవండి. 22 నుంచి 32 సెంటీమీటర్లయితే మామూలు కఫ్ సరిపోతుంది. అంతకు మించితే పెద్ద కఫ్ కావాలి. లావు చేతికి చిన్న కఫ్ చుడితే లేని బీపీ ఉన్నట్టు కనిపిస్తుంది. నెలలు నిండేకొద్దీ చెయ్యి కూడా లావెక్కుతుంది కాబట్టి ఐదో నెలలో సరిపోయిన కఫ్ తొమ్మిదో నెలలో సరిపోకపోవచ్చు. ఎనిమిదో నెలలో మరోసారి కొలుచుకోండి.

తీసే వరస ఇది:

1. అంతకు ముందు అరగంట టీ, కాఫీ, వ్యాయామం వద్దు. మూత్రం వచ్చేలా ఉంటే ముందు వెళ్లి రండి. నిండిన మూత్రసంచి బీపీని పెంచి చూపిస్తుంది.
2. వీపు ఆనించే కుర్చీలో కూర్చుని, పాదాలు రెండూ నేలకు ఆనించి, కాలు మీద కాలు వేయకుండా ఐదు నిమిషాలు ఊరికే ఉండండి. ఫోను చూడొద్దు, మాట్లాడొద్దు.
3. చెయ్యి బల్ల మీద పెట్టండి. కఫ్ మధ్యభాగం గుండె ఎత్తులో ఉండాలి. బల్ల తక్కువైతే చేతి కింద దిండు పెట్టండి. చెయ్యి గుండె కంటే 10 సెంటీమీటర్లు కిందికి ఉంటే అంకె దాదాపు 8 పాయింట్లు పెరిగి కనిపిస్తుంది.
4. కఫ్ నేరుగా చర్మం మీదే చుట్టండి. బిగుతు చేతులున్న బట్టలైతే చెయ్యి బయటికి తీయండి. గుడ్డను పైకి మడిచి వదిలేస్తే ఆ మడత తాడు కట్టినట్టు చేతిని బిగిస్తుంది.
5. కఫ్ కింది అంచు మోచేతి మడతకు రెండు వేళ్లు పైన ఉండాలి. ట్యూబు మోచేతి లోపలివైపు, నాడి కొట్టుకునే చోటికి తిన్నగా రావాలి. చుట్టాక కఫ్ కింద రెండు వేళ్లు దూరేంత వదులు ఉండాలి.
6. ఒకసారి తీసి, నిమిషం ఆగి రెండోసారి తీయండి. రెండూ రాయండి.

మొదటి రోజు రెండు చేతులకూ తీసి చూడండి. తేడా 10 దాటితే ఎక్కువ వచ్చిన చేతికే ఎప్పుడూ తీయాలి. ఎప్పుడూ ఒకే చెయ్యి వాడండి.

ఎడమవైపు తిరిగి పడుకుని, పైనున్న కుడిచేతికి బీపీ తీసే అలవాటు కొన్నిచోట్ల కనిపిస్తుంది. ఆ చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంటుంది కాబట్టి అంకె 10 పాయింట్లకు పైగా తగ్గి కనిపించవచ్చు. 150 ఉన్న మనిషికి 138 వచ్చిందని ఊరట పడటం ఇలాగే జరుగుతుంది. ఎడమవైపు పడుకోవడం బిడ్డకు మంచిదే. బీపీ మాత్రం లేచి కూర్చునే తీయండి.

పుస్తకం పెట్టండి

రోజుకు రెండుసార్లు, ఉదయం మాత్రకు ముందు, సాయంత్రం మాత్రకు ముందు తీసి రాయండి. డాక్టరు అంతకంటే ఎక్కువ సార్లు తీయమంటే అలాగే చేయండి. ఒక్కో వరస ఇలా ఉంటే చాలు: "34 వారాల 2 రోజులు. ఉదయం 7:10, కుడిచెయ్యి, 138/88, 136/86. మాత్ర 7:20. తలనొప్పి లేదు. కదలికలు మామూలే. బరువు 68.4."

148ని 150 అనో 145 అనో గుండ్రం చేయొద్దు. మెషిన్ చూపిందే రాయండి. రెండింటిలో తక్కువ వచ్చినదాన్ని మాత్రమే రాయడం ఇంకా పెద్ద పొరపాటు. వారం రోజుల్లో 128, 132, 135, 139 అని మెల్లగా ఎక్కుతుంటే 140 ఇంకా దాటకపోయినా డాక్టరు కంట పడాలి. ఒక్క అంకె కంటే అది ఎటు నడుస్తోందన్నదే ఎక్కువ సంగతులు చెబుతుంది.

బరువు వారానికి రెండుసార్లు, ఉదయం మూత్రానికి వెళ్లొచ్చాక, ఒకే తరహా బట్టలతో చూసుకోండి. వారంలో కిలో పైన పెరిగిందంటే ఒంట్లో నీరు చేరుతోందన్నమాట. నెలలు నిండినవాళ్లకు సాయంత్రానికి కాళ్లు వాయడం మామూలే. దానికి కంగారు పడక్కర్లేదు. నిద్ర లేచేసరికి ముఖం ఉబ్బడం, ఉంగరం వేలి నుంచి రాకపోవడం, ఒక్కసారిగా చేతులు పొంగడం మాత్రం వేరు. అలా కనిపిస్తే వెంటనే బీపీ తీయండి.

మూత్రంలో ప్రోటీన్

స్ట్రిప్‌తో ఇంట్లో చూడమని చెప్పి ఉంటే, మొదటి ధార వదిలేసి మధ్యలో వచ్చే మూత్రం శుభ్రమైన గిన్నెలో పట్టండి. స్ట్రిప్ ముంచి తీసి, అంచును గిన్నెకు తాకించి అదనపు చుక్క వదిలించి, అడ్డంగా పట్టుకోండి. డబ్బా మీద రాసినన్ని సెకన్లు, సాధారణంగా 60, గడియారం చూస్తూ లెక్కపెట్టి రంగు పోల్చండి. ఆలస్యంగా చూస్తే రంగు ముదిరి తప్పు చెబుతుంది. 1+ అంటే డెసిలీటరుకు సుమారు 30 మిల్లీగ్రాములు, 2+ అంటే 100, 3+ అంటే 300. తెల్లబట్ట, రక్తపు చుక్క, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ప్రోటీన్ ఉన్నట్టు చూపుతుంది. నీళ్లు తక్కువ తాగి మూత్రం చిక్కబడ్డా అంతే. కాబట్టి 1+ వస్తే ల్యాబులో ప్రోటీన్, క్రియాటినిన్ నిష్పత్తి చూస్తారు. అది 0.3 చేరితే ఎక్కువన్నట్టే.

24 గంటల మూత్రం పట్టమంటే, ఉదయం లేవగానే వచ్చేది పారబోసి ఆ టైము రాసుకోండి. ఆ తర్వాత పగలూ రాత్రీ వచ్చిందంతా, మర్నాడు అదే టైముకు వచ్చేదాంతో సహా, డబ్బాలో పోయాలి. మధ్యలో ఒక్కసారి తప్పినా లెక్క తక్కువ వస్తుంది. తప్పితే దాచకుండా చెప్పి మళ్లీ మొదలుపెట్టండి. మొత్తం 300 మిల్లీగ్రాములు దాటితే అది ప్రీఎక్లాంప్సియా లెక్కలోకి వస్తుంది.

ఏ అంకెకు ఏం చేయాలి

140/90 లోపు ఉంటే చెప్పిన మందులు, చెప్పిన పరీక్షలు కొనసాగించండి.

140 నుంచి 149, లేదా 90 నుంచి 99 వస్తే అరగంట విశ్రాంతి తీసుకుని మళ్లీ తీయండి. అలాగే ఉంటే ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేసి చెప్పండి. వచ్చే వారం చెకప్ ఉంది కదా అని ఆగొద్దు.

150/100 చేరితే ఫోనుతో సరిపెట్టకుండా అదే రోజు వెళ్లి చూపించుకోండి.

పై అంకె 160 గానీ, కింది అంకె 110 గానీ వస్తే 15 నిమిషాల్లోపు మళ్లీ తీయండి. తీస్తూనే బయల్దేరే ఏర్పాటు చూడండి. రెండోసారీ అలాగే ఉంటే ఇది అత్యవసరం. రాత్రి రెండయినా సరే, ఒంట్లో ఏ బాధా లేకపోయినా సరే. ఇంత బీపీలో తల్లికి మెదడులో రక్తనాళం చిట్లే ప్రమాదం ఉంటుంది. ఆసుపత్రిలో 30 నుంచి 60 నిమిషాల్లోపు మందు పడాలన్నది నియమం. కొత్తగా ఇంకో మాత్ర వేసి చూద్దామని ఇంట్లో ప్రయోగాలు వద్దు. నిఫెడిపిన్ అనే బీపీ మందు క్యాప్సూల్‌ను గుచ్చి నాలుక కింద వేయడం అసలే వద్దు. బీపీ ఒక్కసారిగా పడిపోతే మాయకు రక్తం అందక బిడ్డ గుండె చప్పుడు తగ్గిపోతుంది. అక్కడి డాక్టర్లు కూడా అంకెను నిదానంగా, 160/110 కిందికి దించి ఆపుతారు. అప్పటికప్పుడు 120కి తేవాలని చూడరు.

మాత్రలు

గర్భంలో ఎక్కువగా వాడేవి మూడు: లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా. ఎవరికి ఏది, ఎంత అన్నది డాక్టరే నిర్ణయించాలి. మీరు తెలుసుకోవాల్సింది వాటి తీరు.

లాబెటలాల్‌ను సాధారణంగా 100 లేదా 200 మిల్లీగ్రాములతో రోజుకు రెండు మూడుసార్లు మొదలుపెడతారు. ఆస్తమా ఉంటే ఇది పనికిరాదు, ఊపిరి బిగుసుకుంటుంది. డాక్టరు అడగకపోయినా ఆస్తమా సంగతి మీరే ముందు చెప్పండి. మెల్లగా కరిగే రకం నిఫెడిపిన్ మాత్రను నమలకుండా, చిదపకుండా మింగాలి. చిదిపితే రోజంతా నిదానంగా పనిచేయాల్సిన మందు ఒక్కసారే రక్తంలో కలుస్తుంది. దీనితో మొదట్లో తలనొప్పి, ముఖం వేడెక్కడం, కాళ్ల వాపు రావచ్చు. ఆ తలనొప్పి మందుదా, జబ్బుదా అని మీరే తేల్చుకోకండి, బీపీ తీసి డాక్టరుకు చెప్పండి. మిథైల్‌డోపా చాలా ఏళ్లుగా గర్భిణులకు ఇస్తున్న పాత మందు. నిద్రమత్తుగా ఉంటుంది, కొందరికి మనసు దిగులుగా అవుతుంది.

గర్భానికి ముందు నుంచి బీపీ మాత్ర వాడుతుంటే దాని పేరు తప్పకుండా చూపించండి. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి 'ప్రిల్' పేర్లవీ, లోసార్టాన్, టెల్మిసార్టాన్ లాంటి 'సార్టాన్' పేర్లవీ బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తాయి, ఉమ్మనీరు తగ్గిస్తాయి. వాటిని మార్చాల్సిందే. అటెనలాల్‌తో బిడ్డ ఎదుగుదల తగ్గే భయం ఉంది. ఒళ్లు నొప్పులకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి సొంతంగా వేసుకోవద్దు. పారాసిటమాల్ వాడొచ్చు.

మందు మీద ఉన్నప్పుడు 135/85 దగ్గర ఉంచడం చాలామంది డాక్టర్లు పెట్టుకునే లక్ష్యం. 2015లో వెలువడిన చిప్స్ అనే పెద్ద పరిశోధనలో కింది అంకెను 85 దగ్గర ఉంచిన తల్లుల్లో బీపీ ప్రమాదకరంగా ఎగబాకడం తగ్గింది, బిడ్డలకు నష్టమేమీ కనిపించలేదు. మరీ తగ్గడమూ మంచిది కాదు. వరసగా పై అంకె 110 కిందికి, లేదా కింది అంకె 70 కిందికి పోతుంటే, లేచేటప్పుడు కళ్లు తిరుగుతుంటే మోతాదు తగ్గించాలేమో అడగండి. ఒక పూట మాత్ర మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. తర్వాతి పూట దగ్గరపడితే మరిచింది వదిలేయండి. రెండూ కలిపి వేసుకోవద్దు.

చెకప్ రోజున "డాక్టరు అసలు బీపీ చూడాలి" అని మాత్ర మానేసి వెళ్లేవాళ్లున్నారు. అలా చేస్తే ఆ రోజు ఎక్కువ వచ్చి, మోతాదు అనవసరంగా పెరుగుతుంది. మాత్ర వేసుకునే వెళ్లండి, ఎన్నింటికి వేసుకున్నారో చెప్పండి.

మంచానికే అంటిపెట్టుకోవడం వల్ల ఈ జబ్బు ఆగదు. పైగా కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. బరువులు, అలసట తగ్గించుకుని మామూలుగా తిరగండి. ఉప్పు పూర్తిగా మానేస్తే ప్రీఎక్లాంప్సియా తగ్గుతుందనడానికీ ఆధారం లేదు, అతి చేయకుండా మితంగా తినండి. నీరు పోవడానికని సొంతంగా మాత్రలు వేసుకోవడం హానికరం. ప్రీఎక్లాంప్సియాలో వాపు పైకి ఎంత కనిపించినా రక్తనాళాల లోపల నీరు తక్కువగానే ఉంటుంది.

ఇవి కనిపిస్తే అంకె కోసం ఆగొద్దు

పారాసిటమాల్ వేసుకున్నా తగ్గని తలనొప్పి. కళ్ల ముందు మెరుపులు, చుక్కలు, మసక, చూపు సగం పోయినట్టుండటం. కుడివైపు పక్కటెముకల కింద గానీ, పొట్ట పైభాగం మధ్యలో గానీ నొప్పి, దాంతో వాంతులు. పడుకుంటే ఆయాసం. మూత్రం బాగా తగ్గిపోవడం. బిడ్డ కదలికలు తగ్గడం. పొట్ట రాయిలా గట్టిపడి నొప్పి, రక్తం కనిపించడం.

వీటిలో పొట్ట పైభాగం నొప్పి దగ్గర ఎక్కువమంది మోసపోతారు. గ్యాస్ అనుకుని గ్యాస్ మాత్ర వేసుకుని పడుకుంటారు. లివర్ ఉబ్బి దాని పైపొర సాగడం వల్ల వచ్చే నొప్పి అది. హెల్ప్ సిండ్రోమ్ అనే తీవ్రమైన దశ చాలాసార్లు ఈ నొప్పితోనే మొదలవుతుంది. అందులో ఎర్ర రక్తకణాలు చితుకుతాయి, లివర్ ఎంజైములు పెరుగుతాయి, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. బీపీ పెద్దగా పెరగకుండానే ఇది రావచ్చు. కాబట్టి 20 వారాల తర్వాత కొత్తగా వచ్చిన "గ్యాస్ నొప్పి"కి ముందు బీపీ, రక్త పరీక్ష చేయించాలి. ఆఖరున చెప్పిన గట్టి పొట్ట, రక్తస్రావం అయితే కాన్పుకు ముందే మాయ ఊడిపోతోందని గుర్తు. దానికి నిమిషాలు కూడా లెక్కే.

ఫిట్స్ వస్తే పక్కనున్నవాళ్లు ఆమెను ఎడమవైపుకు తిప్పండి. చుట్టూ గట్టి వస్తువులు తీసేయండి. నోట్లో చెంచా, గుడ్డ, వేలు ఏమీ పెట్టొద్దు. చేతులూ కాళ్లూ నొక్కి పట్టొద్దు. నీళ్లు పోయొద్దు. ఎన్నింటికి మొదలైందో చూసుకుంటూ వెంటనే ఆంబులెన్స్ పిలవండి. ఫిట్స్ ఆగాక నోట్లో నురగ, వాంతి తుడిచి, పక్కకు తిప్పే ఉంచి, ఊపిరి చూస్తూ ఉండండి. దానంతటదే ఆగింది కదా అని ఇంట్లో ఉంచొద్దు, మళ్లీ వస్తుంది.

ఆసుపత్రిలో ఫిట్స్ ఆపడానికీ, రాబోయేవి అడ్డుకోవడానికీ ఇచ్చేది మెగ్నీషియం సల్ఫేట్. ముందు నరంలోకి 4 గ్రాములు నిదానంగా ఇచ్చి, తర్వాత గంటకు 1 గ్రాము చొప్పున ఎక్కిస్తారు, లేదా పిరుదుల్లో ఇంజెక్షన్లుగా ఇస్తారు. ఎక్కేటప్పుడు ఒళ్లంతా సెగ పుట్టినట్టుంటుంది. అది మామూలే. ఇది నడిచినంతసేపూ మోకాలి మీద తట్టి చూడటం, ఊపిరి లెక్కపెట్టడం, మూత్రం కొలవడం జరగాలి. మోతాదు ఎక్కువైతే మొదట మోకాలి కదలిక పోతుంది, తర్వాత ఊపిరి మందగిస్తుంది. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ పక్కనే సిద్ధంగా ఉంచుతారు. 2002లో వచ్చిన మ్యాగ్‌పై పరిశోధన 33 దేశాల్లో దాదాపు 10,000 మంది మీద జరిగింది. ఈ మందుతో ఫిట్స్ ముప్పు సగానికి పైగా తగ్గుతుందని అందులో తేలింది.

బిడ్డ సంగతి

రోజూ ఒకే టైములో, తిన్నాక ఎడమవైపు పడుకుని కదలికలు లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది రావాలి. అంతకంటే ముఖ్యం, మీ బిడ్డ రోజూ కదిలే తీరు మీకు తెలిసి ఉంటుంది. అది మారిందనిపిస్తే లెక్క పూర్తయ్యేదాకా కూడా ఆగకుండా వెళ్లండి. మాయకు రక్తం తక్కువైతే బిడ్డ ఎదుగుదల ఆగుతుంది. అందుకే రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఎదుగుదల స్కాన్, బొడ్డుతాడు రక్తప్రసరణ చూసే డాప్లర్, ఉమ్మనీటి కొలత, అవసరమైతే గుండె చప్పుడు గీసే ఎన్‌ఎస్‌టీ చేస్తారు. గత స్కాన్ రిపోర్టు ప్రతిసారీ తీసుకెళ్లండి. బిడ్డ బరువు ఇప్పుడెంత అన్నదాని కంటే అప్పటి నుంచి ఎంత పెరిగిందన్నది ఎక్కువ చెబుతుంది.

కాన్పు ఎప్పుడు

ప్రీఎక్లాంప్సియా ఉన్నా బీపీ అదుపులో ఉండి, తీవ్ర లక్షణాలు లేకపోతే 37 వారాలు నిండగానే కాన్పు చేయడం మేలు. ఆ తర్వాత ఆగితే తల్లికి ముప్పు పెరుగుతుంది తప్ప బిడ్డకు పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. తీవ్ర లక్షణాలుంటే 34 వారాలకే చేస్తారు. తల్లి ప్రాణం మీదికి వస్తే ఎన్ని వారాలన్నది చూడరు. 34 వారాల లోపు కాన్పు చేయాల్సి వచ్చేలా ఉంటే బిడ్డ ఊపిరితిత్తులు పక్వానికి రావడానికి తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. బీటామెథాసోన్ అయితే 12 మిల్లీగ్రాములు, 24 గంటల తేడాతో రెండుసార్లు. డెక్సామెథాసోన్ అయితే 6 మిల్లీగ్రాములు, 12 గంటలకోసారి నాలుగుసార్లు.

బీపీ ఉన్నంత మాత్రాన సిజేరియన్ అక్కర్లేదు. నొప్పులు తెప్పించి మామూలు కాన్పు చేయొచ్చు. నెలలు నిండకముందే పుట్టే అవకాశం ఉంది కాబట్టి, నెలలు తక్కువ బిడ్డలను చూసే వార్డు, రక్తం, ఆపరేషన్ సదుపాయం అన్నీ ఒకేచోట ఉన్న ఆసుపత్రిని 32వ వారంలోపే ఖాయం చేసుకోండి. నొప్పుల మధ్య ఇంకో చోటికి తరలించడం బీపీ ఉన్న తల్లికి చాలా కష్టం.

నొప్పుల్లోనూ బీపీ మాత్ర మానకూడదు. దాహమేసినా సెలైన్ కొలిచి తక్కువగానే ఎక్కిస్తారు. ఈ జబ్బులో ఊపిరితిత్తుల్లోకి నీరు తేలిగ్గా చేరుతుంది. కాన్పయ్యాక రక్తస్రావం ఆపడానికి మిథైల్ ఎర్గోమెట్రిన్ అనే ఇంజెక్షన్ వాడుకలో ఉంది. అది బీపీని ఎగదోస్తుంది కాబట్టి బీపీ ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు, ఆక్సిటోసిన్ ఇస్తారు. కాన్పు గదిలోకి వెళ్లేటప్పుడు "బీపీ ఉంది" అని పక్కనున్నవాళ్లు మరోసారి నోటితో చెప్పండి. డ్యూటీ మారే వేళ ఆ ఒక్క మాట చాలా అవసరం.

కాన్పయ్యాక

బిడ్డ పుట్టగానే గండం గడిచిందనుకుని మాత్రలు వదిలేయడం మామూలుగా జరిగే పొరపాటు. గర్భంలో ఒళ్లంతా చేరిన నీరు తిరిగి రక్తనాళాల్లోకి వస్తుంది. దాంతో కాన్పు తర్వాత 3 నుంచి 6 రోజుల మధ్య బీపీ మళ్లీ ఎక్కుతుంది. సరిగ్గా అప్పటికి బాలింత ఇంటికి చేరి ఉంటుంది, అందరి కళ్లూ బిడ్డ మీదే ఉంటాయి. ఫిట్స్ ఎక్కువగా మొదటి 48 గంటల్లో వస్తాయి గానీ వారాల తర్వాత కూడా రావచ్చు.

కాబట్టి కనీసం పది రోజులు రోజుకు రెండుసార్లు బీపీ తీసి అదే పుస్తకంలో రాయండి. 72 గంటల్లోపు ఒకసారి, వారం పది రోజులకు మరోసారి డాక్టరుకు చూపించండి. 150/100, 160/110 హద్దులు బాలింతకూ అవే. తగ్గని తలనొప్పి, చూపు తేడా, ఆయాసం ఉంటే కాన్పయిందని చెప్పి ఆసుపత్రికి వెళ్లండి. చూసేవాళ్లకు ఆ ముక్క తెలియకపోతే మామూలు తలనొప్పిలా వదిలేసే ప్రమాదం ఉంది.

మిథైల్‌డోపా మీద ఉన్నవాళ్లకు కాన్పయిన రెండు రోజుల్లో వేరే మాత్రకు మారుస్తారు, బాలింతల్లో వచ్చే దిగులును అది పెంచకుండా. లాబెటలాల్, నిఫెడిపిన్, ఎనలాప్రిల్ వాడుతూ పాలివ్వొచ్చు. గర్భంలో వద్దన్న ఎనలాప్రిల్ ఇప్పుడు రాశారని కంగారు పడకండి. బీపీ 130 కిందికి దిగుతుంటే మోతాదు తగ్గిస్తూ ఆపుతారు, సొంతంగా ఒక్కసారే ఆపొద్దు. ఆరు వారాలకు బీపీ, మూత్రంలో ప్రోటీన్ మళ్లీ చూపించుకోండి. 12 వారాలు దాటినా బీపీ నిలిచి ఉంటే అది ఇక మామూలు బీపీ కిందే లెక్క. బీపీ మామూలుకు వచ్చేదాకా ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వద్దు. లూప్ లాంటివి డాక్టరును అడగండి.

ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్లకు తర్వాతి జీవితంలో బీపీ, గుండెజబ్బు ముప్పు మిగతావాళ్ల కంటే ఎక్కువ. ఏడాదికోసారి బీపీ చూపించుకోండి. మళ్లీ గర్భం వస్తే మొదటి చెకప్‌లోనే ఈ సంగతి చెప్పండి. ముప్పు ఉన్నవాళ్లకు 12వ వారం నుంచి రాత్రి పడుకునే ముందు తక్కువ మోతాదు ఆస్పిరిన్, 75 నుంచి 150 మిల్లీగ్రాములు ఇస్తారు. 2017లో వెలువడిన ఆస్ప్రే పరిశోధనలో 150 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్లలో, 37 వారాల లోపే కాన్పు చేయాల్సి వచ్చిన ప్రీఎక్లాంప్సియా 1.6 శాతం. వేసుకోనివాళ్లలో 4.3 శాతం. 16 వారాల లోపు మొదలుపెడితేనే ఇది బాగా పనిచేస్తుంది, మాయ నాళాలు కుదురుకునేది అప్పుడే. నెల తప్పిందని తెలిసిన వారంలోనే పాత బీపీ పుస్తకం చేతపట్టుకుని వెళ్లండి.